ప్రెస్‌మీట్‌లోనే తేలిపోయే కేసులు

ఉగ్రవాద కేసులో ఫలానా ఊళ్లో ఇద్దరు దొరికారనో నలుగురు దొరికారనో వార్త రాగానే మన దగ్గర రెండు మాటలు ఒకేసారి వినిపిస్తాయి. ‘పెద్ద గండం తప్పింది’ అన్నది ఒకటి. ‘నిజంగా వీళ్లేనా?’ అన్నది రెండోది. 2025 మేలో విజయనగరంలో, జులైలో రాయచోటిలో అరెస్టులు జరిగినప్పుడూ, అదే ఏడాది నవంబరులో హైదరాబాద్‌కు చెందిన ఒక వైద్యుణ్ణి గుజరాత్ ఏటీఎస్ పట్టుకున్నప్పుడూ ఈ రెండు మాటలే విన్నాం. ఆ కేసుల్లో నిజమేమిటో కోర్టులు తేలుస్తాయి, వాటి జోలికి ఇక్కడ పోవడం లేదు. పట్టించుకోవాల్సింది ఆ రెండో మాటను. దాన్ని నోరెత్తి అన్నవాడికి టీవీ చర్చల్లో ‘ఉగ్రవాదులను వెనకేసుకొస్తున్నావా’ అనే జవాబే దొరుకుతోంది. ఆ జవాబు తప్పు. ఈ అనుమానం ఉగ్రవాదం మీద జాలి నుంచి రాలేదు. అరెస్టుకూ తీర్పుకూ మధ్య పదేళ్లూ పదిహేనేళ్లూ సాగుతున్న ఖాళీలో, ఆ ఖాళీ చివర్లో చేతికి ఏమీ దక్కని అనుభవంలో అది పుట్టింది. తీవ్రవాదంలోకి కుర్రాళ్లను లాగేవాళ్లకు పని సులువు చేస్తున్నదీ ఆ ఖాళీయే. కాబట్టి దాన్ని పూడ్చడం పౌరహక్కుల వాళ్ల గొడవగా వదిలేయాల్సిన విషయం కాదు, భద్రతకు సంబంధించిన పని.

హైదరాబాద్ సంగతే చూద్దాం. 2007 మే 18, శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ మక్కా మసీదు ఆవరణలో, వజూఖానా దగ్గర బాంబు పేలింది. పేలుడులో తొమ్మిది మంది, ఆ తర్వాత బయట చెలరేగిన ఆగ్రహం మీద పోలీసులు జరిపిన కాల్పుల్లో మరో ఐదుగురు చనిపోయారు. పరిశోధన మొదలు కాకముందే సరిహద్దు అవతలి సంస్థల పేర్లు వార్తల్లోకి వచ్చేశాయి. కేసు సీబీఐకి అప్పగించారు. అయినా నగర పోలీసులు పాతబస్తీ యువకులను పదుల సంఖ్యలో తీసుకెళ్లారు. మసీదులో బాంబు పెట్టారని చెప్పడానికి ఆధారం లేదు కాబట్టి వాళ్ల మీద వేరే కుట్ర కేసులు పెట్టారు. రాష్ట్ర మైనారిటీల కమిషన్ తరఫున న్యాయవాది ఎల్. రవిచందర్ వాళ్లను కలిసి, కస్టడీలో చిత్రహింసలు జరిగాయని నివేదిక ఇచ్చారు. ఆ కుట్ర కేసులు ఆ తర్వాత కోర్టుల్లో వీగిపోయాయి. చివరికి కిరణ్‌కుమార్ రెడ్డి ప్రభుత్వం 70 మందికి పరిహారం ఇచ్చింది. 20 మందికి మూడేసి లక్షలు, 50 మందికి 20 వేల చొప్పున. దాంతోపాటు ఈ కుర్రాడి మీద మచ్చ ఏమీ లేదని ధ్రువపత్రం కూడా చేతిలో పెట్టింది. తన పోలీసులే పట్టుకెళ్లిన మనిషి మంచివాడేనని ప్రభుత్వం కాగితం రాసి ఇవ్వడం ఈ దేశంలో తరచూ జరిగే పని కాదు. ఆ ముచ్చటా ఎక్కువ కాలం నిలవలేదు. కేసు కొట్టేసినంత మాత్రాన పరిహారం ఇవ్వాలని లేదంటూ 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసింది.

కథ అక్కడితో ఆగి ఉంటే ‘ముస్లిం యువకులను అన్యాయంగా ఇరికించారు’ అన్న ఒక్క ముక్కతో సరిపోయేది. ఆగలేదు. మసీదులో పేలకుండా దొరికిన బాంబులో మొబైల్ ఫోన్ ఉంది. దాని సిమ్‌కార్డు ఎవరి పేరుతో, ఎక్కడ కొన్నారన్న ఆరా అజ్మీర్ దర్గా పేలుడు కేసుతో ముడిపడింది. 2010లో సీబీఐ దేవేంద్ర గుప్తా, లోకేశ్ శర్మలను, ఆ నవంబరులో హరిద్వార్‌లో స్వామి అసీమానందను అరెస్టు చేసింది. డిసెంబరులో అసీమానంద ఢిల్లీలో మెజిస్ట్రేటు ముందు నేరాంగీకార వాంగ్మూలం ఇచ్చారు. చంచల్‌గూడ జైల్లో తనకు సేవలు చేసిన ఒక ముస్లిం కుర్రాడు ఇదే పేలుడు తర్వాత అన్యాయంగా జైలు పాలయ్యాడని తెలిసి మనసు మారిందని అందులో ఉంది. కొన్నాళ్లకు ఆ వాంగ్మూలం బలవంతంగా ఇప్పించారని వెనక్కి తీసుకున్నారు. కేసు ఎన్ఐఏకు మారింది. 226 మంది సాక్షులను విచారిస్తే 60 మందికి పైగా ఎదురు తిరిగారు. 2018 ఏప్రిల్ 16న నాంపల్లి ప్రత్యేక కోర్టు విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. తీర్పు చెప్పిన న్యాయమూర్తి కొన్ని గంటల్లోనే వ్యక్తిగత కారణాలంటూ రాజీనామా ఇవ్వడం ఇంకో చర్చకు తెర తీసింది. పదకొండేళ్లలో ముందు ఒక మతం వాళ్లను, తర్వాత ఇంకో మతం వాళ్లను పట్టుకున్నారు. రెండు జట్లూ బయటికొచ్చాయి. మసీదులో బాంబు పెట్టింది ఎవరన్న ప్రశ్నకు చట్టం దగ్గర జవాబు లేదు.

ఈ కేసును ఇంత దూరం చెప్పడానికి కారణం ఉంది. ఉగ్రవాద అరెస్టుల మీద అనుమానం ముస్లింలకే ఉంటుందని ఒక అపోహ ప్రచారంలో ఉంది. 2010 తర్వాత ‘కాషాయ ఉగ్రవాదం అంతా కట్టుకథ, ఆ వాంగ్మూలాలు కొట్టి చెప్పించినవి’ అని వాదించింది ఎవరు? అంతకు మూడేళ్ల క్రితం పోలీసుల మాటే వేదవాక్కన్నవాళ్లే. అంతకుముందు పోలీసు కస్టడీ వాంగ్మూలాలకు విలువ లేదన్నవాళ్లలో కొందరు అసీమానంద వాంగ్మూలం దగ్గరికొచ్చేసరికి దాన్ని తిరుగులేని సాక్ష్యంగా చూపారు. మెజిస్ట్రేటు ముందు ఇచ్చినదానికి పోలీసు ముందు ఇచ్చినదానికంటే చట్టంలో బరువు ఎక్కువే, కాదనలేం. కానీ ఈ వాదులాటలో ఎవరూ ఆ తేడా చూసి మాట్లాడలేదు. పట్టుబడినవాడి పేరు చూశాకే పోలీసులను నమ్మాలో వద్దో తేల్చుకున్నారు. మన సమాజానికి పట్టిన జబ్బు ఇది. సాక్ష్యాన్ని బట్టి రావాల్సిన అనుమానం కులగోత్రాలను బట్టి వస్తోంది. దీనికి రాజకీయ పార్టీలు ఆజ్యం పోశాయన్నది నిజం. అయితే పరీక్షించి చూడదగ్గ సాక్ష్యాన్ని సకాలంలో జనం ముందు పెట్టలేని దర్యాప్తు వ్యవస్థే ఆ పార్టీలకు ఖాళీ మైదానం అప్పగించింది.

ఈ వ్యవస్థ సాక్ష్యాన్ని ఎలా పోగేస్తుందో పై కోర్టుల తీర్పులు చదివితే తెలుస్తుంది. 2002 సెప్టెంబరులో గాంధీనగర్ అక్షర్‌ధామ్ ఆలయం మీద దాడి జరిగింది, 30 మందికి పైగా చనిపోయారు. దాడికి వచ్చిన ఇద్దరూ అక్కడే హతమయ్యారు. కుట్రదారులంటూ ఆరుగురికి, అప్పటి ఉగ్రవాద నిరోధక చట్టం పోటా కింద నడిచిన కోర్టు శిక్ష వేసింది, వాళ్లలో ముగ్గురికి ఉరి. ఆ కేసులో కీలకమైన సాక్ష్యం, చనిపోయిన దాడిదారుల ప్యాంటు జేబుల్లో దొరికాయన్న ఉర్దూ ఉత్తరాలు. ఆ ప్యాంట్లకు తూటాల చిల్లులున్నాయి, నెత్తుటి మరకలున్నాయి. జేబులోని ఉత్తరాలు మాత్రం మడత నలగకుండా, మరక అంటకుండా ఉన్నాయి. ఇది నమ్మశక్యంగా లేదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆరుగురినీ విడుదల చేస్తూ, అసలు దోషులను వదిలి అమాయకులను పట్టుకున్నారని గుజరాత్ పోలీసులను తప్పుపట్టింది. ఆ తీర్పు వచ్చింది 2014 మే 16న. అదే రోజు లోక్‌సభ ఎన్నికల ఫలితాలు వచ్చాయి, ఇక ఆ తీర్పును ఎవరు చదువుతారు! ముంబయి లోకల్ రైళ్ల కేసు ఇంకా పెద్దది. 2006 జులై 11 సాయంత్రం ఏడు పేలుళ్లు, 180 మందికి పైగా మరణం. 2015లో ప్రత్యేక కోర్టు 12 మందిని దోషులన్నది, ఐదుగురికి ఉరి వేసింది. పందొమ్మిదేళ్లు గడిచాక, 2025 జులై 21న బొంబాయి హైకోర్టు 12 మందినీ నిర్దోషులంది. వేర్వేరు అధికారుల ముందు వేర్వేరు నిందితులు ఇచ్చిన వాంగ్మూలాల్లో పేరాలకు పేరాలు ఒకేలా ఉన్నాయని ఎత్తి చూపింది. నిందితులను ఎక్కించుకున్నామన్న టాక్సీ డ్రైవర్లు వంద రోజులకు పైగా నోరు విప్పకపోవడం, ఆ తర్వాత ముఖాలు గుర్తుపట్టడం నమ్మలేమన్నది. స్వాధీనం చేసుకున్న పేలుడు పదార్థాలకు సీళ్లు సరిగా లేవు. అసలు ఏ రకం బాంబు వాడారో కూడా ప్రాసిక్యూషన్ నిరూపించలేకపోయింది. మహారాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఈ తీర్పును ఇతర కేసుల్లో పూర్వప్రమాణంగా చూపకూడదని సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది, విడుదలైనవాళ్లను మాత్రం మళ్లీ జైలుకు పంపమనలేదు. చివరి మాట సుప్రీంకోర్టుదే అనుకుందాం. అయినా సీలు లేని పొట్లం దగ్గర, ఒకే అచ్చులో పోసిన వాంగ్మూలాల దగ్గర సామాన్యుడికి కలిగే సందేహాన్ని తప్పు పట్టలేం. అదే సందేహం హైకోర్టు న్యాయమూర్తులకూ కలిగింది.

ఇలా ఎందుకు జరుగుతుంది? దర్యాప్తు అధికారులంతా దుర్మార్గులని అనుకోవడం తేలిక, అందుకే అది వివరణ కాదు. పేలుడు జరిగిన మర్నాటి నుంచి మంత్రుల ఫోన్లు, చానళ్ల కౌంట్‌డౌన్లు, ప్రతిపక్షాల రాజీనామా డిమాండ్లు. ఈ ఒత్తిడిలో అధికారికి కావాల్సింది మనుషులు. సాక్ష్యం తర్వాత చూసుకోవచ్చు. చట్టం కూడా అందుకు వీలు కల్పిస్తోంది. 2008 సవరణ తర్వాత చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం (ఉపా) కింద చార్జిషీటుకు 180 రోజుల దాకా గడువు తీసుకోవచ్చు. ఆరోపణ పైకి నిజమని కనిపిస్తే చాలు, బెయిల్ ఇవ్వకూడదు. ఆ ఆరోపణ రాసేది పోలీసులే. అరెస్టుతోనే శిక్ష మొదలైపోతుంటే నేరం రుజువు చేయాలన్న తొందర ఎవరికుంటుంది? అధికారికి పతకం వచ్చేదీ పదోన్నతి వచ్చేదీ అరెస్టు నాడు. కేసు కొట్టేసే నాటికి ఆయన రిటైరై ఉంటాడు. 2016 నుంచి 2019 వరకు నాలుగేళ్లలో ఉపా కింద 5,922 మందిని అరెస్టు చేస్తే, ఆ కాలంలో శిక్ష పడింది 132 మందికి. 2021 ఫిబ్రవరిలో రాజ్యసభకు ఈ లెక్క చెప్పింది అప్పటి హోంశాఖ సహాయమంత్రి జి. కిషన్‌రెడ్డి. ఈ అంకెను పట్టుకుని నూటికి 98 మంది అమాయకులని ప్రచారం చేసేవాళ్లున్నారు. అది తప్పు లెక్క. 2019లో అరెస్టయినవాడి విచారణ 2019లో పూర్తి కాదు, ఆ 132 మందీ ఈ 5,922 మందిలోవాళ్లే కానక్కర్లేదు. కానీ ఈ అంకె ఇంకో సంగతి చెబుతోంది. లోపలికి పోయే దారి విశాలంగా ఉంది, తీర్పు దాకా చేరే దారి ఇరుకుగా ఉంది. మధ్యలో ఉన్నవాళ్ల గురించి దోషులనీ అనలేం, కాదనీ అనలేం. అనుమానానికి ఇంతకంటే సారవంతమైన నేల ఏముంటుంది?

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. కోర్టు కొట్టేసిన ప్రతి కేసూ తప్పుడు కేసు కాదు. సందేహానికి తావులేకుండా రుజువు కాలేదంటే నేరం చేయలేదని అర్థం కాదు. సాక్షులను బెదిరించొచ్చు, కొనొచ్చు, ప్రభుత్వం మారితే ప్రాసిక్యూషన్ చల్లబడొచ్చు. నిజమే. 68 మందిని బలిగొన్న సంఝౌతా ఎక్స్‌ప్రెస్ పేలుళ్ల కేసును 2019 మార్చిలో కొట్టేస్తూ పంచ్‌కుల ఎన్ఐఏ కోర్టు న్యాయమూర్తి, సరైన సాక్ష్యం లేక ఇంత ఘోర నేరానికి శిక్ష పడకుండా పోతున్నదని వేదన వెలిబుచ్చారు. ఆయన వేదన ప్రాసిక్యూషన్ తీరు మీద. మాలేగావ్‌లో 2006 పేలుళ్లకు మొదట పట్టుకున్న ముస్లింలను పదేళ్ల తర్వాత కోర్టు కేసు నుంచి తప్పించింది. అదే ఊళ్లో 2008 పేలుడు కేసులో నిందితులైన ప్రజ్ఞా ఠాకూర్, కర్నల్ పురోహిత్ సహా ఏడుగురూ 2025 జులై 31న నిర్దోషులుగా బయటపడ్డారు. అంటే ముంబయి రైళ్ల తీర్పుకు పది రోజుల తేడా. ఈ కేసుల్లో ఎవరు నిజంగా చేశారో, ఎవరు చేయలేదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. అభ్యంతరం చెప్పేవాళ్లు గమనించాల్సింది ఇదే. దోషి తప్పించుకున్నా, నిర్దోషి ఇరుక్కున్నా, రెండింటికీ మూలం ఒక్కటే, నిలబడని సాక్ష్యం. ఆ సాక్ష్యాన్ని అడిగే జనాన్ని తిట్టడం వల్ల అది గట్టిపడదు.

అనుమానించేవాళ్లకూ కొన్ని మాటలు చెప్పక తప్పదు. మక్కా మసీదు పేలుడుకు మూడు నెలల తర్వాత, 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో, కోఠి గోకుల్ చాట్ దగ్గర పేలిన బాంబులు 40 మందికి పైగా ప్రాణాలు తీశాయి. 2018 సెప్టెంబరులో కోర్టు ఇద్దరికి ఉరి, ఒకరికి జీవిత ఖైదు వేసింది, ఇద్దరిని వదిలేసింది. ఢిల్లీ బాట్లాహౌస్ ఎన్‌కౌంటర్ 2008లో జరిగింది. అది పూర్తిగా బూటకమని ఊరేగింపులు తీశారు. అక్కడ చనిపోయిన ఇన్‌స్పెక్టర్ మోహన్‌చంద్ శర్మ హత్య కేసులో ఇద్దరు నిందితులకు వేర్వేరు విచారణల్లో శిక్షలు పడ్డాయి. తెలంగాణలో 2015 ఏప్రిల్ మొదట్లో సూర్యాపేట బస్టాండులో తనిఖీ చేస్తున్న పోలీసుల మీద కాల్పులు జరిగాయి, కానిస్టేబుల్ లింగయ్య, హోంగార్డు మహేశ్ చనిపోయారు. రెండు రోజులకు జానకీపురం దగ్గర జరిగిన ఎదురుకాల్పుల్లో కానిస్టేబుల్ నాగరాజు మరణించాడు, గాయపడిన ఎస్సై సిద్ధయ్య తర్వాత కన్నుమూశారు. కాల్పులు జరిపినవాళ్లు మధ్యప్రదేశ్‌లోని ఖండ్వా జైలు నుంచి తప్పించుకున్న, నిషేధిత సంస్థ సిమీ మనుషులు. కాబట్టి ఉగ్రవాదం పోలీసులు అల్లిన కథ అనేవాళ్లు ఈ నలుగురి ఇళ్లకు వెళ్లి ఆ మాట అనలేరు.

కానీ అదే వారంలో ఏం జరిగిందో కూడా గుర్తు చేయాలి. ఏప్రిల్ 7న ఉగ్రవాద కేసుల విచారణ ఖైదీలు ఐదుగురిని వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకొస్తుండగా, ఆలేరు దగ్గర వ్యానులోనే పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆయుధం లాక్కోబోయారని పోలీసులు చెప్పారు. ఫొటోల్లో సీట్లలో కూర్చున్న శవాలకు బేడీలు అలాగే ఉన్నాయి. పోలీసులను చంపిన ఆరోపణ ఆ ఐదుగురిలో కొందరి మీద ఉంది. అది నిజమైతే కోర్టులో రుజువు చేసే అవకాశం ఆ రోజుతో పోయింది. ఎదురుకాల్పుల వార్తను నాలుగు దశాబ్దాలుగా చదువుతున్న తెలుగు పాఠకుడు ఆ వార్తను ఎలా చదివాడో చెప్పక్కర్లేదు. జానకీపురంలో ప్రాణాలిచ్చిన పోలీసుల మీద జనానికి కలిగిన గౌరవాన్ని మూడు రోజుల్లో పలచన చేసింది పౌరహక్కుల సంఘాలు కాదు.

దర్యాప్తు సరిగా ఉంటే జనం నమ్మరా అంటే, నమ్ముతారు. 2008 నవంబరు 26న ముంబయి మీద దాడి చేసినవాళ్లలో ప్రాణాలతో చిక్కింది కసబ్ ఒక్కడే. అతణ్ణి అక్కడే కాల్చేయాల్సిందని అప్పట్లో అన్నవాళ్లు తక్కువ కాదు. అతనికి లాయర్ ఎందుకని అడిగారు. విచారణ బహిరంగంగా జరిగింది, ఏడాదిన్నరలో తీర్పు వచ్చింది, 2012లో సుప్రీంకోర్టు ఉరిని ఖరారు చేసింది. విచారణ కోర్టు తన తీర్పులోనే, దాడికి సాయపడ్డారని ఆరోపణ ఎదుర్కొన్న ఇద్దరు భారతీయులను ఆధారాలు లేవని వదిలేసింది, సుప్రీంకోర్టూ దాన్ని సమర్థించింది. ఆ ఇద్దరినీ వదిలిన కోర్టు వేసిన ఉరి కాబట్టే కసబ్ శిక్షను ఇక్కడ ఎవరూ వేలెత్తి చూపలేకపోయారు. పాకిస్తాన్ బుకాయింపు కూడా నిలవలేదు. మన దిల్‌సుఖ్‌నగర్ కేసూ అలాంటిదే. 2013 ఫిబ్రవరి 21న పేలుళ్లు జరిగితే 2016 డిసెంబరుకల్లా ఐదుగురికి శిక్ష పడింది, 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు దాన్ని సమర్థించింది. ఉరిశిక్ష ఉండాలా వద్దా అన్న చర్చ నడిచింది కానీ ‘వీళ్లేనా’ అన్న ప్రశ్న ఊళ్లో పెద్దగా వినిపించలేదు.

ఇక తీవ్రవాదం వేళ్ల సంగతి. పేదరికం, చదువు లేకపోవడం అని చెప్పేయడం మనకు అలవాటు. అది నిలిచే వాదన కాదని ఆర్థికవేత్త అలన్ క్రూగర్ ఇరవయ్యేళ్ల కిందటే లెక్కలతో చూపారు. ఇంజినీర్లు, డాక్టర్లు ఈ కేసుల్లో కనిపిస్తున్న కాలంలో దాన్ని మళ్లీ చెప్పనక్కర్లేదు. మతగ్రంథాల్లోనే అంతా ఉందన్న వాదనా అంతే. అవే గ్రంథాలు చదివే కోట్ల మంది ఎవరి జోలికీ పోకుండా బతుకుతున్నారు. స్నేహాలు, బంధుత్వాల ద్వారా చిన్న గుంపులుగా ఇందులోకి జారతారని మార్క్ సేజ్‌మన్ చేసిన పరిశోధన ఇంతకంటే ఎక్కువ చెబుతుంది. ఆ గుంపుకు ఒక గాయం కావాలి, ఆ గాయానికి ప్రతీకారం న్యాయమేనని చెప్పే ఒక సిద్ధాంతం కావాలి, డబ్బో ఆయుధమో అందించే చెయ్యి కావాలి. ఆ చెయ్యి మన దేశానికి సంబంధించి తరచూ పాకిస్తాన్ గడ్డ మీద ఉందన్నది దాచేస్తే అసత్యమే అవుతుంది. ఇండియన్ ముజాహిదీన్ పంపిన ఈమెయిళ్లు బాబ్రీ కూల్చివేతను, 2002 గుజరాత్ అల్లర్లను ఏకరువు పెట్టాయి. అసీమానంద ఉపసంహరించుకున్న వాంగ్మూలమేమో అక్షర్‌ధామ్ దాడిని, ఆలయాల మీద బాంబులను చెప్పి, బాంబుకు బాంబే జవాబన్న తర్కం నడిపింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే ఆశ్చర్యం వేస్తుంది. పేర్లు మార్చేస్తే రెండూ ఒకే తర్కం. మనకు న్యాయం చేసే దిక్కు లేదు కాబట్టి మనమే చేసుకోవాలి అన్నది ఇద్దరి మొదటి వాక్యం.

ఆ మొదటి వాక్యానికి బలం ఇచ్చేది ఏది? ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ 2017లో ఆఫ్రికాలో ఒక అధ్యయనం వెలువరించింది. బోకోహరాం, అల్ షబాబ్ వంటి సంస్థల్లో స్వచ్ఛందంగా చేరినవాళ్లను, చివరికి గీత దాటించిన ఘటన ఏదని అడిగితే 71 శాతం మంది ప్రభుత్వ చర్య అన్నారు. దగ్గరివాళ్లను చంపడమో అరెస్టు చేయడమో అందులో భాగం. ఉత్తర ఐర్లండ్‌లో 1971 ఆగస్టు 9న బ్రిటిష్ సైన్యం 340 మందికి పైగా జనాన్ని విచారణ లేకుండా లోపలేసింది. పాత జాబితాలతో చేసిన ఆ వేటలో అసలైనవాళ్లు చాలామంది దొరకలేదు. మరుసటి ఏడాది, 1972, ఆ సంఘర్షణ మొత్తంలో అత్యధిక ప్రాణాలు పోయిన ఏడు. ఆఫ్రికా, ఐర్లండ్ మన దేశం కావు. ఇక్కడ అన్యాయంగా జైలుకెళ్లొచ్చిన వందల మందిలో తుపాకీ పట్టినవాళ్లు వేళ్ల మీద కూడా లేరు. చాలామంది వచ్చి ఆటో నడుపుకుంటున్నారు, దుకాణం పెట్టుకున్నారు, ఒకరిద్దరు లా చదివారు. కాబట్టి తప్పుడు అరెస్టే ఉగ్రవాదిని తయారు చేస్తుందన్న సూత్రం వాళ్లను అవమానించడమే. కానీ అలా జైలుకెళ్లొచ్చిన కుర్రాడి కథ అతను చెప్పుకోకపోయినా, రిక్రూటర్ చెప్పుకుంటాడు. అది నిజమైన కథ కావడమే వాడి అదృష్టం.

ఇంకో నష్టం మామూలుగా లెక్కలోకి రాదు. కుట్రలు బయటపడేది ఎక్కువగా దగ్గరివాళ్లు ఇచ్చే సమాచారంతోనే. కొడుకు ఫోన్‌లో ఏదో తేడాగా ఉందని కనిపెట్టేది తల్లి. ఆమె స్టేషన్ మెట్లెక్కాలంటే, చెప్పిన మాట వాడిని బాగుచేయడానికి పనికొస్తుందన్న ధీమా ఉండాలి. 2014లో సిరియా వెళ్లాలని బయల్దేరిన హైదరాబాద్ కుర్రాళ్లను పోలీసులు బెంగాల్‌లో ఆపి, కేసు పెట్టకుండా, నచ్చజెప్పి ఇళ్లకు అప్పగించారు. అందులో ఒకరిద్దరు మళ్లీ అదే దారి పట్టారు, తర్వాత అరెస్టయ్యారు. మెతకదనం పనికిరాదనడానికి దీన్నే రుజువుగా చూపిస్తారు. మిగిలినవాళ్లు ఇళ్లలో ఉండిపోవడాన్ని మాత్రం ఎవరూ లెక్కేయరు. ఆ రోజు అందరినీ కుట్ర కేసులో పెట్టి ఉంటే, తర్వాత ఏ తండ్రి ఫోన్ చేసి చెప్పేవాడు?

నిఘా సమాచారం గోప్యమైనది, అన్నీ జనం ముందు పెట్టలేమని అధికారులు అంటారు. ఒప్పుకోవాల్సిందే. అలాగైతే ప్రెస్‌మీట్ ఎందుకు పెడుతున్నారు? నల్ల ముసుగులు వేసి నిందితులను నిలబెట్టడం, టేబుల్ మీద ఫోన్లూ పుస్తకాలూ వైర్లూ పేర్చడం, ఎక్కడెక్కడ బాంబులు పెట్టబోయారో పటం గీసినట్టు చెప్పడం గోప్యత కాదు కదా. నిందితులను మీడియా ముందు ప్రదర్శించొద్దని కేంద్ర హోంశాఖ 2010లోనే రాష్ట్రాలకు సూచనలు పంపింది. పోలీస్ స్టేషన్లలోనూ ఎన్ఐఏ వంటి సంస్థల కార్యాలయాల్లోనూ సీసీ కెమెరాలు పెట్టాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఐదేళ్లు తిరగకముందే, 2025లో, అవి పనిచేయడం లేదన్న వార్తలు చూసి కోర్టే తనంతట తాను విచారణకు తీసుకోవాల్సి వచ్చింది. విచారణ గదిలో కెమెరా నడిస్తే అన్నిటికంటే ముందు లాభపడేది నిజాయితీపరుడైన అధికారి. కొట్టి చెప్పించారన్న ఆరోపణకు వీడియోను మించిన జవాబు లేదు. దాన్ని ఆపేసుకుని, మా మాట నమ్మండి అంటే నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది? మీడియా తీరు గురించి ఎక్కువ చెప్పడం అనవసరం. అరెస్టుకు మొదటి పేజీ, కొట్టివేతకు లోపలి పేజీలో మూడు అంగుళాలు. మన పత్రికల్లో దాన్ని మార్చుకోవడానికి ఏ చట్టమూ అక్కర్లేదు.

తప్పు జరిగాక ఏం చేస్తారన్నది చివరి పరీక్ష. 1974లో బర్మింగ్‌హామ్ పబ్బుల్లో బాంబులు పేలి 21 మంది చనిపోతే, బ్రిటన్ ఆరుగురు ఐరిష్‌వాళ్లకు జీవిత ఖైదు వేసింది. పదహారేళ్లకు వాళ్లు నిర్దోషులని తేలింది. విడుదలైన 1991 మార్చి 14 నాడే ప్రభుత్వం నేరన్యాయ వ్యవస్థ మీద రాయల్ కమిషన్ ప్రకటించింది. దాని ఫలితంగా 1997లో అన్యాయపు శిక్షలను తిరిగి పరిశీలించే స్వతంత్ర కమిషన్ పని మొదలుపెట్టింది. మన దగ్గర అలాంటి సంస్థ లేదు. కేసు కొట్టేసిన తీర్పులో దర్యాప్తు అధికారిని కోర్టు ఎంత తప్పుపట్టినా, అది ఆయన సర్వీసు రికార్డులోకి ఎక్కే ఏర్పాటు దాదాపు లేదు. తప్పుడు ప్రాసిక్యూషన్‌కు గురైనవాళ్లకు పరిహారం హక్కుగా దక్కేలా చట్టం చేయాలని లా కమిషన్ 2018 ఆగస్టులో తన 277వ నివేదికలో సిఫారసు చేసింది. అది ఇప్పటికీ చట్టం కాలేదు. ఈలోగా పాత సీఆర్‌పీసీని మొత్తంగా మార్చి, 2024 జులై 1 నుంచి బీఎన్ఎస్ఎస్ తెచ్చారు. తగిన కారణం లేకుండా ఒక మనిషిని పోలీసులతో అరెస్టు చేయించినవాడి నుంచి బాధితుడికి మెజిస్ట్రేటు ఇప్పించగల పరిహారానికి పాత చట్టంలో ఉన్న గరిష్ఠ పరిమితి వెయ్యి రూపాయలు. కొత్త చట్టంలోనూ అంతే ఉంది.